పరదేశి తెరిచిన తలుపు: ఎమీర్ అబ్దుల్ ఖాదర్ జీవితం



మా తెలుగు సంఘంలో నెలకొకసారి ఒక మహనీయుని జీవితం చెప్పుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కందుకూరి వీరేశలింగం గారు, గురజాడ వారు, కాటన్ దొర, ఇలా చాలామంది గురించి చెప్పుకున్నాం. ఈసారి మేము ఎంచుకున్న మనిషి మన భాషవాడు కాదు, మన దేశంవాడూ కాదు. అయినా ఆయన కథ మనలాంటి వాళ్ళం, అంటే తాతల నాడు ఊరు విడిచివచ్చి వేరే భాషవాళ్ళ మధ్య స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళం, తెలుసుకోదగ్గది. ఎందుకంటే ఆయనా పరాయి ఊళ్ళో బతికినవాడే. ఆ ఊళ్ళో మతం పేరున మంటలు లేచిన రోజున, ఇది మన గొడవ కాదులే అని తలుపు వేసుకుని కూర్చున్నా ఆయనను తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆయన తలుపు తీశారు. వేలమంది ప్రాణాలు నిలిచాయి.

ఆయన పేరు ఎమీర్ అబ్దుల్ ఖాదర్. పుట్టింది అల్జీరియాలో, పేరు మోసింది యుద్ధంలో, ప్రపంచం తలవంచి నమస్కరించింది మాత్రం 1860లో డమాస్కస్ నగరంలో ఆయన చేసిన పనికి.

పుట్టుక, చదువు

అబ్దుల్ ఖాదర్ 1808లో పడమటి అల్జీరియాలో మస్కరా పట్టణానికి దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. తండ్రి ముహియుద్దీన్ గారు ఖాదిరీ సూఫీ సంప్రదాయానికి చెందిన పెద్ద గురువు. వాళ్ళ ఇల్లంటే ఒక బడి, ఒక సత్రం, ఒక న్యాయస్థానం కలిసినట్టు ఉండేది. బాటసారులకు అన్నం పెట్టడం, తగువులు తీర్చడం, పిల్లలకు చదువు చెప్పడం అక్కడ రోజూ జరిగే పనులు. కుర్రవాడు చిన్నప్పుడే ఖురాన్ కంఠస్థం చేశాడు. గుర్రపు స్వారీలో ఆ చుట్టుపక్కల అతణ్ణి మించినవాడు లేడని పేరు.

యౌవనంలోనే తండ్రితో కలిసి మక్కా యాత్రకు వెళ్ళారు. ఆ ప్రయాణంలోనే డమాస్కస్, బాగ్దాద్ నగరాలు చూశారు. ఆ డమాస్కస్‌లోనే తన జీవితం ముగుస్తుందని అప్పుడు ఆయనకు తెలియదు.

యుద్ధం

1830లో ఫ్రెంచి సైన్యం అల్జియర్స్‌కు దగ్గరలో దిగింది. అప్పటిదాకా ఆ దేశం పేరుకు తుర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండేది. సుల్తాను మనుషులు ఓడిపోయి వెళ్ళిపోయారు, దేశానికి దిక్కు లేకుండా పోయింది. పడమటి తెగల పెద్దలు ముందు ముహియుద్దీన్ గారిని నాయకత్వం వహించమని అడిగారు. ఆయన వయసు మళ్ళిందని చెప్పి కొడుకును చూపించారు. అలా 1832 నవంబరులో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అబ్దుల్ ఖాదర్ ఎమీర్ అయ్యారు. ఎమీర్ అంటే నాయకుడు, ప్రభువు.

ఆయన పదిహేనేళ్ళు పోరాడారు. తెగలుగా విడిపోయి ఉన్న జనాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చారు. పన్నులు, న్యాయాధికారులు, క్రమమైన సైన్యం, ఆయుధాల తయారీ, ఇవన్నీ ఏర్పాటు చేశారు. 1834లో ఒకసారి, 1837లో తఫ్నా దగ్గర ఇంకోసారి ఫ్రెంచివాళ్ళు ఆయనతో సంధి చేసుకోవలసివచ్చింది. 1839లో ఆ సంధి చెడి యుద్ధం మళ్ళీ మొదలైంది. ఈసారి ఫ్రెంచి సేనాని బుజో మరో దారి పట్టాడు. సైన్యంతో తలపడటం కన్నా పంటలు తగలబెట్టడం, పశువులను తోలుకుపోవడం, ఊళ్ళను ఎండగట్టడం అతని పద్ధతి. 1845లో దహ్రా కొండల్లో గుహలోకి పారిపోయి దాక్కున్న ఒక తెగవాళ్ళను, ఆడవాళ్ళు పిల్లలతో సహా, గుహ ముఖాన మంట పెట్టి పొగతో చంపారు. ఆ వార్త విని ఫ్రాన్సులోనే చాలామంది సిగ్గుపడ్డారు.

ఇలాంటి యుద్ధంలో కూడా అబ్దుల్ ఖాదర్ ఖైదీల విషయంలో ఒక నియమం పెట్టుకున్నారు. శత్రువును ప్రాణంతో పట్టి తెచ్చిన సైనికుడికి బహుమానం ఇచ్చేవారు. ఖైదీని కొట్టినా అవమానించినా శిక్ష. అల్జియర్స్‌లోని క్రైస్తవ బిషప్ ద్యూపుష్ ఖైదీల విడుదల కోసం ఆయనకు లేఖ రాస్తే, 1841లో ఇరువైపులా ఖైదీల మార్పిడికి ఒప్పుకున్నారు.

అయితే ఆయన చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి జీవితచరిత్ర చెప్పడం మాకు ఇష్టం లేదు. 1846లో, ఆయన దూరంగా యుద్ధంలో ఉన్నప్పుడు, ఆయన శిబిరంలోనే ఫ్రెంచి ఖైదీలను పెద్ద సంఖ్యలో చంపేశారు. తిండి లేక, శత్రువు తరుముకొస్తుండగా ఆయన మనుషులు చేసిన పని అది. అందులో బాధ్యత ఎవరిది ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. తాను పెట్టిన నియమం తన శిబిరంలోనే చెడిందన్న సంగతి మాత్రం నిజం.

చెర

1843లో ఆయన డేరాల రాజధాని, వేలాది మంది నివసించే సంచార నగరం, ఫ్రెంచివాళ్ళ చేతికి చిక్కింది. ఎంతో ఇష్టంగా కూడబెట్టుకున్న పుస్తకాలూ చెల్లాచెదురయ్యాయి. తర్వాత మొరాకో వైపు దారీ మూసుకుపోయింది. ఇంకా పోరాడితే మిగిలిన జనం కూడా నాశనమవుతారని గ్రహించి 1847 డిసెంబరులో ఆయుధాలు వదిలారు. తనను, తన కుటుంబాన్ని, తన వెంట రాదలచినవాళ్ళను ముస్లిం దేశానికి, అలెగ్జాండ్రియాకో ఆక్రాకో, పంపాలన్నది షరతు. సేనాని లామోరిసియేర్ మాట ఇచ్చాడు. ఫ్రెంచి రాజు కొడుకు దానికి ఒప్పుకున్నాడు.

ఆ మాట నిలబడలేదు. ఓడ ఫ్రాన్సు వైపు తిరిగింది. రెండు నెలలకే ఫ్రాన్సులో రాజు పోయి గణతంత్రం వచ్చింది. కొత్త ప్రభుత్వమూ మాట నిలబెట్టుకోలేదు. తూలోన్, పో, చివరికి అంబ్వాజ్ కోట, ఇలా దాదాపు అయిదేళ్ళు చెరలో ఉంచారు. ఆయనతోపాటు తల్లి, భార్యాబిడ్డలు, అనుచరులు కూడా. ఎండ దేశం మనుషులు ఆ చలి రాతి గోడల మధ్య ఒక్కొక్కరే రాలిపోయారు. అంబ్వాజ్ కోట తోటలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడే పాఠకులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలని మా మనవి. దేశం పోయింది. ఊళ్ళు కాలిపోయాయి. ఇచ్చిన మాట తప్పి చెరలో పెట్టారు. పిల్లలు కళ్ళముందే పోయారు. ఇవన్నీ చేసినవాళ్ళు క్రైస్తవులు. ఒక మనిషికి ఒక మతంవాళ్ళమీద పగ పట్టడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? కానీ ఆ అయిదేళ్ళూ ఆయన చూడవచ్చిన పాదిరీలతో, సైనికాధికారులతో, పండితులతో మతం గురించి, తత్వం గురించి మాట్లాడుతూ గడిపారు. ఆయనకు ఖైదీలుగా ఉండి విడుదలైన ఫ్రెంచి సైనికుల్లో కొందరు కోటకు వచ్చి పలకరించి వెళ్ళారు.

1852 అక్టోబరులో లూయీ నెపోలియన్ స్వయంగా అంబ్వాజ్ వచ్చి విడుదల చేశాడు. ఏడాదికి లక్ష ఫ్రాంకుల భరణం కూడా ఏర్పాటు చేశాడు. అల్జీరియాకు తిరిగి రాకూడదు, మళ్ళీ కత్తి పట్టకూడదు అన్నది షరతు. ఆయన ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నారు. ముందు తుర్కీలోని బుర్సాలో ఉన్నారు. 1855లో అక్కడ భూకంపం వచ్చాక డమాస్కస్ చేరారు.

డమాస్కస్‌లో పరదేశి

డమాస్కస్ అప్పుడు ఒట్టోమన్ సామ్రాజ్యంలో, సిరియా ప్రాంతానికి పెద్ద నగరం. లక్షకు పైగా జనాభా. అరబ్బులు, తుర్కులు, కుర్దులు, ఆర్మేనియన్లు ఉండేవాళ్ళు. ముస్లింలు ఎక్కువ. క్రైస్తవుల్లోనే ఆర్థడాక్సు, కాథలిక్కు, సిరియాకు, మారొనైటు అని ఎన్నో శాఖలు. యూదులకు వేరే వాడ ఉంది. నగరానికి పడమర లెబనాను కొండల్లో, దక్షిణాన హౌరాన్ ప్రాంతంలో ద్రూజులు ఉండేవారు. వాళ్ళది ఇస్లాం నుంచి విడివడిన ప్రత్యేక మతం.

ఎమీర్ వెంట అల్జీరియా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ అరబ్బీ యాస వేరు, కట్టు వేరు, వంట వేరు. ఊరివాళ్ళు వాళ్ళను పడమటివాళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. మనల్ని కూడా ఎక్కడ ఉంటే అక్కడ అలా ఏదో ఒక పేరుతో పిలుస్తారు కదా. ఎమీర్ ఉమయ్యద్ మసీదులో పాఠం చెప్పేవారు, పుస్తకాలు చదువుకునేవారు, పేదలకు దానం చేసేవారు. ఫ్రెంచివాళ్ళ భరణం తింటున్నాడని కొందరికి అనుమానం, సుల్తాను అధికారులకు కొంచెం కంట్లో నలుసు. పరాయిచోట పేరున్న మనిషికి ఇవి తప్పవు.

మంట ఎలా రాజుకుంది

1860లో జరిగిన దారుణం ఒక్క రోజులో పుట్టింది కాదు. దాని వెనక ఇరవై ఏళ్ళ కథ ఉంది.

పాత పద్ధతిలో క్రైస్తవులు, యూదులు ప్రత్యేక పన్ను కట్టి, రెండో తరగతి ప్రజలుగా, సుల్తాను రక్షణలో బతికేవారు. 1839లోను, 1856లోను సుల్తాను ఫర్మానాలు ఇచ్చి అన్ని మతాలవాళ్ళూ సమానమన్నాడు. మాట మంచిదే. కానీ దాన్ని అమలు చేసే తీరు సరిగా లేదు. ముస్లిం కుర్రవాళ్ళకు బలవంతపు సైనిక భర్తీ ఉంది. క్రైస్తవులు దానికి బదులు రుసుము కట్టాలన్నారు. వాళ్ళు కట్టమన్నారు. తమకు బరువు పెరిగి వాళ్ళకు తగ్గిందని ముస్లింలు కోపగించుకున్నారు. సమానమని చెప్పి మళ్ళీ వేరే పన్నేమిటని క్రైస్తవులు కోపగించుకున్నారు.

దీనికి తోడు వ్యాపారం. ఐరోపా మిల్లు గుడ్డ వచ్చి డమాస్కస్ నేతను దెబ్బకొట్టింది. ఈ సంగతి మా సోలాపూరు వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో చాలావాటికి మగ్గమే ఆధారం, మగ్గం ఆగితే ఇంట్లో ఏమవుతుందో మాకు తెలుసు. ఆ ఐరోపా సరుకు తెచ్చే వర్తకుల్లో క్రైస్తవులు కొందరున్నారు. వాళ్ళకు ఫ్రాన్సు, రష్యా, బ్రిటను కాన్సుళ్ళ అండ ఉంది. ఊళ్ళలో అప్పులిచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. కానీ ఆ వాడలో ఎక్కువమంది మగ్గం నేసేవాళ్ళు, రాతిపని చేసేవాళ్ళు, చిన్న దుకాణందార్లు. కోపం పెద్ద వర్తకుడిమీద పుట్టింది, దెబ్బ ఈ పేదవాళ్ళమీద పడింది.

1860 మే నెలలో లెబనాను కొండల్లో మారొనైట్ క్రైస్తవులకు, ద్రూజులకు యుద్ధం మొదలైంది. హాస్బయా, రాషయా, దైరల్ ఖమర్ పట్టణాల్లో క్రైస్తవులను ఊచకోత కోశారు. రక్షిస్తామని ఆయుధాలు తీసుకున్న సుల్తాను సైనికులు వాళ్ళను కాపాడలేదు. బతికి బయటపడ్డవాళ్ళు వేలల్లో డమాస్కస్ చేరారు. చర్చిలు, సందులు కాందిశీకులతో నిండిపోయాయి. వాళ్ళవెంట భయం వచ్చింది, పుకార్లు వచ్చాయి.

ఎమీర్ రాబోయేది ముందే పసిగట్టారు. మా దృష్టిలో ఆయన గొప్పతనం సగం ఇక్కడే ఉంది. గవర్నరు అహ్మద్ పాషా దగ్గరికి ఒకటికి నాలుగుసార్లు వెళ్ళి జాగ్రత్తలు తీసుకోమని హెచ్చరించారు. గవర్నరు ఏమీ కాదని పంపేశాడు. ద్రూజుల పెద్దలకు, నగరం జోలికి రావద్దని లేఖలు రాశారు. మతపెద్దలను కలిసి మాట్లాడారు. ఫ్రెంచి కాన్సులేటు వారితో మాట్లాడి డబ్బు తెప్పించి, తన అల్జీరియా మనుషులకు ఆయుధాలు సమకూర్చి సిద్ధంగా ఉంచారు.

1860 జూలై 9

జూలై మొదటివారంలో కొందరు ముస్లిం కుర్రవాళ్ళు వీధుల్లో నేలమీద సిలువలు గీసి, క్రైస్తవులు వాటిని తొక్కి నడిచేలా చేసి ఏడిపించారు. ఇన్నాళ్ళూ ఏమీ చేయని గవర్నరు అప్పుడు ఉన్నట్టుండి కఠినంగా మారాడు. ఆ కుర్రవాళ్ళలో కొందరికి సంకెళ్ళు వేయించి, క్రైస్తవుల వాడకు తీసుకెళ్ళి వీధులు ఊడిపించే ఏర్పాటు చేశాడు. జూలై 9న వాళ్ళు అలా బజారులో నడిచి వెళుతుంటే చూసినవాళ్ళు దుకాణాలు మూసేశారు. కేకలు, అరుపులు. కొద్ది గంటల్లో పెద్ద గుంపు బాబ్ తూమా వైపున్న క్రైస్తవుల వాడమీద పడింది.

కాపలా సైనికులు చెదిరిపోయారు. కొందరు దోపిడీలో తామూ చేతులు కలిపారు. ఇళ్ళు దోచి, మగవాళ్ళను చంపి, తగలబెట్టుకుంటూ పోయారు. చర్చిలు, మఠాలు, మగ్గాల సాలలు కాలిపోయాయి. దాదాపు ఎనిమిది రోజులు ఇది సాగింది. మొదటి రోజులే అతి ఘోరం. యూదుల వాడ జోలికి గుంపు పోలేదు.

ఎంతమంది చనిపోయారు? ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా అంకెలు రాసిన అలవాటుతో మేము ఈ లెక్క కోసం చూశాం. రెండు వేల నుంచి పదివేల పైదాకా రకరకాల అంచనాలు కనిపించాయి. పొరుగూళ్ళనుంచి వచ్చి తలదాచుకున్నవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఎవరి దగ్గరా చిట్టా లేని చావులకు లెక్క ఇలాగే ఉంటుంది.

తెరిచిన తలుపు

గొడవ మొదలైన వేళ ఎమీర్ నగరం బయట ఉన్నారు. కబురు అందగానే వచ్చి, తన మనుషులను గుంపులుగా క్రైస్తవుల వాడలోకి పంపారు. తానూ కొడుకులతో కలిసి వెళ్ళారు. కాలుతున్న సందుల్లో తిరుగుతూ, భయపడవద్దు, ఎమీర్ ఇంటికి రండి అని అరబ్బీలో కేకలు వేయించారు. నూతుల్లో, అటకలమీద, శిథిలాల కింద దాక్కున్నవాళ్ళను బయటికి తీసి, చుట్టూ ఆయుధాలతో నిలబడి ఇంటికి చేర్చారు. ఫ్రెంచి, రష్యను కాన్సులేట్ల మనుషులను తెచ్చారు. లాజరిస్టు పాదిరీలను, సన్యాసినులను, వాళ్ళ సంరక్షణలోని వందలాది పిల్లలను కాపాడారు. అందరినీ కాపాడటం సాధ్యం కాలేదు. ఫ్రాన్సిస్కన్ మఠంలో ఉండిపోయిన 8 మంది సన్యాసులు, వాళ్ళతో ఉన్న మసాబ్కీ సోదరులు ముగ్గురు ఆ రాత్రే హతులయ్యారు. ఆ పదకొండు మందిని 2024 అక్టోబరులో కాథలిక్ చర్చి పునీతులుగా ప్రకటించింది.

ఇల్లు నిండింది. పక్కనున్న అల్జీరియావాళ్ళ ఇళ్ళూ నిండాయి. నిలబడటానికి చోటు లేదు. మర్నాడు గుంపు ఎమీర్ ఇంటికే వచ్చింది. లోపలున్న క్రైస్తవులను అప్పగించమంది. జీవితమంతా క్రైస్తవులతో యుద్ధం చేసినవాడివి, ఇప్పుడు వాళ్ళనే దాస్తావా అని నిలదీసింది. ఆయన బయటికి వచ్చి, తాను పోరాడింది తన దేశంమీద పడ్డవాళ్ళతోనని, ఈ పొరుగువాళ్ళు ఎవరిమీదా పడలేదని, నిరపరాధిని చంపడం తమ మతమే నిషేధించిన పాపమని చెప్పారు. మాట వినకపోతే తన మనుషుల తుపాకులు ఉన్నాయని కూడా చూపించారు. గుంపు వెనక్కి తగ్గింది.

ఇల్లు పట్టక, కాపాడినవాళ్ళను విడతలుగా నగర కోటకు చేర్చాలనుకున్నారు. కానీ కోటలో ఉన్నది సుల్తాను సైనికులు. హాస్బయాలో, రాషయాలో రక్షణలోకి తీసుకుని ఏం జరగనిచ్చారో కాందిశీకులకు తెలుసు. కోటకు వెళ్ళడమంటే చావుకు వెళ్ళడమేనని ఏడ్చారు. ఎమీర్ తన మనుషులనే వెంట పంపారు, కోటలోనూ కాపలా ఉంచారు. ఆ తర్వాత, ప్రాణంతో ఒక్క క్రైస్తవుణ్ణి తెచ్చినవాళ్ళకు యాభై పియాస్త్రులు ఇస్తానని చాటింపు వేయించారు. గుమ్మం దగ్గర చాప వేసుకుని, డబ్బు సంచి పక్కన పెట్టుకుని రాత్రింబవళ్ళు అక్కడే కూర్చున్నారని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అల్జీరియాలో ఫ్రెంచి ఖైదీలకోసం పెట్టిన నియమమే ఇది. ఆనాడు శత్రువు ప్రాణానికి వెల కట్టి నిలిపినట్టే ఈనాడు పొరుగువాడి ప్రాణాన్ని నిలిపారు.

ఆయన ఒక్కరే చేశారనడం న్యాయం కాదు. మిదాన్ పేటలోని ముస్లిం పెద్దలు తమ పేటలో ఉన్న క్రైస్తవులమీద చెయ్యి పడనివ్వలేదు. పేరు తెలియని ముస్లిం కుటుంబాలు ఎన్నో పొరుగువాళ్ళను తమ ఇళ్ళలో దాచాయి. అమెరికా ఉపకాన్సులుగా ఉన్న డాక్టరు మిఖాయిల్ మిషాఖా, క్రైస్తవుడు, గాయాలతో బయటపడింది ఇలాంటి సాయంతోనే. తర్వాత ఆ రోజుల చరిత్ర ఆయనే రాశారు. ఎమీర్ వల్ల బతికినవాళ్ళు పదివేలకు పైనే అని చాలామంది రాశారు. అంకె ఎంతైనా, వేలమంది అనడంలో ఎవరికీ భేదం లేదు.

తర్వాత

ఇస్తాంబుల్ నుంచి ఫువాద్ పాషా సైన్యంతో వచ్చాడు. నూటికి పైగా మనుషులకు మరణశిక్ష వేయించాడు. కర్తవ్యం విడిచిన గవర్నరు అహ్మద్ పాషాను కూడా కాల్చి చంపించాడు. ఫ్రాన్సు బేరూతుకు సైన్యం పంపింది. 1861లో లెబనాను కొండకు ప్రత్యేక పాలన ఏర్పడింది. అందులో పదవులన్నీ మతాల లెక్కన పంచారు. మతాన్ని బట్టి పదవి అనే ఆ పద్ధతి ఛాయలు నేటి లెబనానులోనూ ఉన్నాయి. డమాస్కస్ క్రైస్తవుల్లో చాలామంది బేరూతుకు, ఈజిప్టుకు వలసపోయారు. ఇళ్ళు మళ్ళీ కట్టారు గాని, పోయినవాళ్ళలో అందరూ తిరిగి రాలేదు.

ఎమీర్‌కు దేశదేశాల నుంచి గౌరవాలు వచ్చాయి. ఒకప్పుడు చెరలో పెట్టిన ఫ్రాన్సు తన అత్యున్నత పతకం ఇచ్చింది. రష్యా, ప్రష్యా, గ్రీసు, పోపు, అందరూ సత్కరించారు. అమెరికా అధ్యక్షుడు లింకన్ రెండు పిస్తోళ్ళు కానుక పంపాడు. కాకసస్ కొండల్లో రష్యాతో పాతికేళ్ళు పోరాడి, ఓడి, రష్యాలో బందీగా ఉన్న ఇమాం షామిల్ మెచ్చుకుంటూ లేఖ రాశారు. కృతజ్ఞత చెప్పినవాళ్ళకు ఎమీర్ ఇచ్చిన సమాధానం ఒక్కటే. తాను చేసింది తన మతం చెప్పిన ధర్మం, మనిషికి మనిషి చేయవలసిన పని, అంతకుమించి ఏమీ లేదన్నారు. అరబ్బు రాజ్యం ఒకటి ఏర్పాటు చేసి ఆయనను దానికి అధిపతిని చేయాలని ఫ్రాన్సులో కొందరు ఆలోచన చేశారు. ఆయన ఒప్పుకోలేదు.

తర్వాత ఇరవైమూడేళ్ళు చదువులో, ధ్యానంలో, పాఠాల్లో గడిచాయి. 1869లో సూయజ్ కాలువ ప్రారంభానికి అతిథిగా వెళ్ళారు. 1883 మే 26న డమాస్కస్‌లో కన్నుమూశారు. తాను గురువుగా తలచిన ఇబ్న్ అరబీ సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు. అల్జీరియా స్వతంత్రమయ్యాక 1966లో ఆయన అస్థికలను స్వదేశానికి తీసుకువెళ్ళారు. వెళ్ళిపోయిన దాదాపు నూట ఇరవై ఏళ్ళకు సొంత దేశపు మట్టి దొరికింది.

మనకు ఇందులో ఏముంది

గుంపు తర్కం ఎప్పుడూ ఒక్కటే. ఎక్కడో ఎవరో చేసినదానికి, అదే పేరు, అదే మతం, అదే భాష ఉన్న పక్కింటివాణ్ణి బాధ్యుణ్ణి చేయడం. డమాస్కస్ మగ్గంవాడు ఐరోపా వ్యాపారానికి బాధ్యుడయ్యాడు. మన దగ్గర 1991లో కావేరి నీళ్ళ తగువు వస్తే బెంగళూరులో బతుకుతున్న తమిళ కుటుంబాలు బాధ్యులయ్యాయి. ఆ రోజుల్లో కర్ణాటకలో, తమిళనాట ఉన్న మనవాళ్ళు చాలామంది రెండువైపులా స్నేహితులున్నవాళ్ళే. ఈ లెక్క రేపు ఎవరిమీదికి తిరుగుతుందో చెప్పలేం. అబ్దుల్ ఖాదర్ ఈ లెక్కనే ఒప్పుకోలేదు. ఫ్రాన్సు చేసినదానికి డమాస్కస్ పొరుగువాణ్ణి జవాబుదారీ చేయలేదు. చేయడానికి ఆయనకున్నంత కారణం ఆ గుంపులో ఎవరికీ లేదు.

రెండో సంగతి, ఆయన గొడవ వచ్చాక మేలుకోలేదు. వారాల ముందే అధికారుల చుట్టూ తిరిగారు, పెద్దలతో మాట్లాడారు, మనుషులను సిద్ధం చేశారు. మా రాష్ట్రంలోనే దీనికి ఉదాహరణ ఉంది. మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో మరమగ్గాలతో స్థిరపడ్డ భివండీలో 1970లోను, 1984లోను ఘోరమైన మతకల్లోలాలు జరిగాయి. ఆ తర్వాత అక్కడ పోలీసులు, రెండు మతాల సామాన్యులు కలిసి పేటపేటకు మొహల్లా కమిటీలు పెట్టుకున్నారు. ఏ గొడవా లేని రోజుల్లోనే కలిసి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ముంబయి తగలబడుతుంటే, రెండుసార్లు కాలిన ఆ భివండీ నిలబడింది.

మా సంఘం తరఫున ఒక చిన్న విన్నపం. మీ ఊళ్ళో సంఘం ఉంటే, పండుగ కార్యక్రమాలతో పాటు, మీ పేటలోని ఇతర భాషల, ఇతర మతాల పెద్దలను ఏడాదికి రెండుసార్లయినా పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ళ ఫోను నంబర్లు మీ దగ్గర, మీవి వాళ్ళ దగ్గర ఉండేలా చూడండి. ఇన్ని తరాలుగా ఈ ఊళ్ళ ఉప్పు తింటున్నాం. అవసరం వచ్చిన రాత్రి ఏ తలుపు తట్టాలో వాళ్ళకూ, మనకూ ముందే తెలిసి ఉండటం మంచిది.